ఆ మూడక్షరాల వెనుక: కంప్యుటేషనల్ సైన్స్‌లో విదేశీ పైచదువు దరఖాస్తు

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ చూసిన ఏ ఇంట్లోనైనా సీఎస్ఈ అనే మూడక్షరాలకు వివరణ అక్కర్లేదు. హైదరాబాద్‌లో అది కంప్యూటర్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్. ర్యాంకు చాలితే అందరూ ముందు నింపే ఆప్షన్. అయితే జార్జియా టెక్‌లో, మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో, జ్యూరిక్‌లోని ఈటీహెచ్‌లో అవే మూడక్షరాలు కంప్యుటేషనల్ సైన్స్ అండ్ ఇంజినీరింగ్ అనే మరో చదువుకు పేరు. అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కన్సల్టెన్సీ టేబుల్ మీద ‘సీఎస్ఈ’ అని కొట్టి తీసిన జాబితాలో ఈ రెండు చదువులూ కలగాపులగంగా వచ్చి పడతాయి. దరఖాస్తు ఫీజు కట్టి, పాఠ్యాంశాల పేజీలో పాక్షిక అవకలన సమీకరణాలను (పార్షియల్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లను) చూశాక గాని తేడా తెలియదు. మరోవైపు మెకానికల్, సివిల్, భౌతిక శాస్త్రం చదివి నిజానికి ఈ చదువుకే తగిన విద్యార్థులు, ‘అది సీఎస్ వాళ్లది’ అనుకుని ఆ పేజీ తెరవను కూడా తెరవరు.

అమెరికాలో 2024-25 విద్యా సంవత్సరంలో భారతీయ విద్యార్థుల సంఖ్య 3,63,019 అని ఓపెన్ డోర్స్ నివేదిక లెక్కగట్టింది. అంతమంది వెళ్తున్న దారిలో 2025 నుంచి వీసా నిబంధనలు ఒకదాని వెంట ఒకటి మారుతుండటంతో పాత సలహాలు కొన్ని చెల్లని కాసులయ్యాయి. ఈ గందరగోళాన్ని విప్పడానికి ఒక చిన్న ఆధారం ఉంది. దరఖాస్తు కట్ట ఒకటే అయినా దానిని చదివేవాళ్లు ముగ్గురు: ప్రవేశాల కమిటీ, డబ్బు ఇవ్వగల ఆచార్యుడు, వీసా కిటికీ అవతలి అధికారి. ముగ్గురూ అవే కాగితాలను మూడు వేర్వేరు ప్రశ్నలతో చదువుతారు. ఏ కాగితం ఏ ప్రశ్నకు జవాబు అన్నది తెలిస్తే చిక్కులో సగం విడిపోతుంది.

మేడ మీది స్లాబు, పన్నెండు పొరలు

ముందు ఈ శాస్త్రం చేసే పని ఏమిటో చూద్దాం. మే నెలలో పై అంతస్తులో అద్దెకున్నవారికి తెలిసిన సంగతే: ఎండ మధ్యాహ్నం మండిపోతుంది గాని, సీలింగు సెగ కొట్టేది పొద్దు వాలాక. పైన పడిన వేడి కిందికి దిగడానికి ఎంతసేపు పడుతుంది, దిగేసరికి ఎంత మిగులుతుంది అన్నది ఒక భౌతిక ప్రశ్న. దానికి ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫూరియే 1822లోనే సమీకరణం ఇచ్చాడు. కాని ఎండ రోజంతా మారుతూ ఉంటే, స్లాబు మీద సున్నం పూత ఒకచోట ఉండి ఒకచోట లేకపోతే, ఆ సమీకరణాన్ని కాగితం మీద సాధించడం కుదరదు. అప్పుడు లెక్కను ముక్కలు చేస్తారు.

స్లాబు మందం 12 సెంటీమీటర్లు అనుకుందాం. దానిని సెంటీమీటరు చొప్పున 12 పొరలుగా ఊహించి, ప్రతి పొర ఉష్ణోగ్రత తన పైపొర, కిందిపొరల వల్ల కొద్ది వ్యవధిలో ఎంత మారుతుందో లెక్కించి, ఆ వ్యవధులను ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతారు. కాంక్రీటులో వేడి ఎంత చురుగ్గా పాకుతుందో చెప్పే గుణకం సుమారు సెకనుకు 0.7 చదరపు మిల్లీమీటర్లు. ఇప్పటి ఉష్ణోగ్రతల నుంచి తరువాతి ఉష్ణోగ్రతలను నేరుగా లెక్కించే తేలిక పద్ధతిలో ఒక నియమం ఉంది: ఒక్కో అడుగు వ్యవధి, పొర మందం వర్గాన్ని ఆ గుణకానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చే విలువను మించకూడదు. మన స్లాబుకు అది 100 ÷ 1.4, అంటే దాదాపు 71 సెకన్లు. తొందరపడి 120 సెకన్ల అడుగు వేస్తే ప్రోగ్రాములో తప్పేమీ లేకపోయినా ఒక పొర వేల డిగ్రీలకు, దాని పక్క పొర సున్నాకు ఎంతో దిగువకు ఊగిపోతూ కనిపిస్తాయి. ఇలాంటి పరిమితినే తరంగాల సమీకరణాల విషయంలో కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితజ్ఞులు 1928లో, ఎలక్ట్రానిక్ కంప్యూటర్ పుట్టకముందే చెప్పారు.

ఇంకాస్త సూక్ష్మంగా చూద్దామని పొరను అర సెంటీమీటరు చేశామనుకోండి. పొరలు రెండింతలవుతాయి, అడుగు 18 సెకన్లకు కుంచించుకుపోయి అడుగుల సంఖ్య నాలుగింతలవుతుంది, మొత్తం పని ఎనిమిదింతలు. స్లాబును పొడవు, వెడల్పుల్లోనూ అలాగే ముక్కలు చేస్తే పని 32 రెట్లు. మేడ మీది స్లాబుకే ఇంత పని ఉంటే, సముద్రానికో, ఎముకకో, విమానం రెక్క మీది గాలికో సూపర్ కంప్యూటర్లు ఎందుకు కావలసి వస్తాయో వేరే చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సముద్రపు అలలనూ ప్రవాహాలనూ ముందుగా అంచనా కట్టే నమూనాలను నడుపుతున్నది ఈ పద్ధతుల కుదురు మీదే.

కంప్యుటేషనల్ సైన్స్ అంటే ఈ మొత్తం గొలుసు: ప్రకృతిలోని ఒక ప్రశ్న, దానికి గణిత నమూనా, ఆ నమూనాను ముక్కలు చేసే పద్ధతి, దానిని వేల ప్రాసెసర్ల మీద నడిపే ప్రోగ్రాము, చివరకు వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మవచ్చన్న తీర్పు. కంప్యూటర్ సైన్స్‌కు కంప్యూటరే పరిశోధన వస్తువు. ఇక్కడ కంప్యూటర్ ప్రయోగశాల. డేటా సైన్స్ ఉన్న కొలతల నుంచి నమూనాను వెలికితీస్తుంది. ఇక్కడ సాధారణంగా భౌతిక నియమం ముందు, కొలత తరువాత. మెషీన్ లెర్నింగ్ వచ్చాక ఈ గట్లు కరిగిపోతున్నాయనే వాదనలో బలం ఉంది. చాలా శాఖల పేర్లలో ఇప్పుడు డేటా అన్న మాట చేరింది. అయినా ప్రవేశం దగ్గర ఆ గట్లు ఇంకా ఉన్నాయి.

పేరు ఒకటి, ఇల్లు మరొకటి

ఈ చదువుకు అన్నిచోట్లా ఒకే ఇల్లు లేదు. టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్ ప్రాంగణంలో ఓడెన్ ఇన్‌స్టిట్యూట్ కంప్యుటేషనల్ సైన్స్, ఇంజినీరింగ్, గణితం మూడింటినీ కలిపి ఒకే పట్టాగా ఇస్తుంది. అక్కడ విద్యార్థి అనువర్తిత గణితం, సంఖ్యా విశ్లేషణ, నమూనాల నిర్మాణం అనే మూడు రంగాల్లోనూ పునాది వేసుకోవాలి. స్టాన్‌ఫర్డ్‌లో ఇదే పనికి ఐసీఎంఈ అనే సంస్థ ఉంది. ఎంఐటీలో ఏదైనా ఇంజినీరింగ్ లేదా సైన్స్ శాఖతో జంటగా ఈ డాక్టరేట్ చేసే మార్గం ఉంది. రైస్ విశ్వవిద్యాలయంలో ఆ శాఖ పేరు కంప్యుటేషనల్ అప్లైడ్ మ్యాథమెటిక్స్ అండ్ ఆపరేషన్స్ రీసెర్చ్. ‘సైన్స్’ అన్న మాటే కనిపించదు. స్వీడన్‌లోని ఉప్సాలాలో కంప్యుటేషనల్ సైన్స్ అని నేరుగా మాస్టర్స్ ఉంది.

జార్జియా టెక్ పద్ధతి మరీ విలక్షణం. అక్కడ ఈ పీహెచ్‌డీ ఒక్కటే అయినా దరఖాస్తుదారు ఒక ‘హోమ్ యూనిట్’ ఎంచుకోవాలి: కంప్యుటేషనల్ సైన్స్ పాఠశాల కావచ్చు, గణితం కావచ్చు, ఏరోస్పేస్, సివిల్, జీవశాస్త్రం కావచ్చు. ఫైలు ఆ యూనిట్‌కే వెళ్తుంది. అంటే ఒకే పట్టా కోసం పంపిన ఒకే ఫైలును ఒకచోట గణితజ్ఞులు, మరొకచోట విమాన ఇంజినీర్లు చదువుతారు. మెకానికల్ చదివి టర్బైన్ ప్రవాహాల మీద ప్రాజెక్టు చేసినవారికి ఏరోస్పేస్ గుమ్మం దగ్గర ఉన్న చనువు, అల్గారిథమ్‌ల గుమ్మం దగ్గర ఉండదు. పోటీ లెక్క కూడా యూనిట్‌ను బట్టి మారుతుంది. ర్యాంకింగ్ పట్టికలు ఈ సంగతి చెప్పవు. అవి విశ్వవిద్యాలయాన్ని కొలుస్తాయి గాని, గుమ్మాన్ని కాదు.

ఇక్కడ ఒక మాట పక్కకు వెళ్లి చెప్పాలి. ఈ చదువు కోసం తప్పనిసరిగా సముద్రాలు దాటాలనేమీ లేదు. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఒకప్పుడు సూపర్ కంప్యూటర్ కేంద్రంగా ఉన్న చోటే ఇప్పుడు కంప్యుటేషనల్ అండ్ డేటా సైన్సెస్ శాఖ ఉంది. దాని ఎంటెక్‌కు గేట్ మార్గం. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యుటేషనల్ సహజ విజ్ఞానాలకు, బయోఇన్ఫర్మాటిక్స్‌కు ఒక పరిశోధన కేంద్రం నడుస్తోంది. విదేశం ఇచ్చేది పెద్ద యంత్రాలు, పెద్ద బృందాలు, అక్కడి ఉద్యోగ విపణి. ఇక్కడి చదువు ఇచ్చేది అప్పు లేని రెండేళ్లు. రెండింటికీ తూకం ఇంటి పరిస్థితిని బట్టి వేసుకోవలసిందే గాని, ఒకటి మొదటి తరగతి, ఇంకొకటి రెండో తరగతి అనుకోవడానికి శాస్త్రం వైపు నుంచి కారణం కనిపించదు.

8.2కు ఎన్ని రూపాలు

కమిటీ అడిగే మొదటి ప్రశ్న సూటిగా ఉంటుంది: మా మొదటి సంవత్సరం గణితాన్ని ఈ విద్యార్థి తట్టుకుంటారా? దానికి జవాబు వెతికేది ట్రాన్‌స్క్రిప్టులో. అయితే మన గ్రేడ్లు వారి కొలబద్ద మీదికి ఎక్కేటప్పుడు వింతలు జరుగుతాయి.

హైదరాబాద్ జేఎన్‌టీయూ పరిధిలో ఒక విద్యార్థికి సీజీపీఏ 8.2 వచ్చిందనుకుందాం. విశ్వవిద్యాలయం ఇటీవలి నిబంధనల ప్రకారం శాతం కావాలంటే సీజీపీఏ నుంచి 0.5 తీసివేసి పదితో గుణించాలి, అంటే 77. అదే 8.2ను నాలుగు పాయింట్ల అమెరికన్ కొలతకు గుడ్డిగా త్రైరాశికంలో మారిస్తే 3.28 వస్తుంది. చూడటానికి చప్పగా ఉన్న ఆ అంకె తప్పుడు అంకె కూడా, ఎందుకంటే ఆ రెండు కొలతలూ ఒకే గీత మీద లేవు. అందుకే చాలా అమెరికన్ విశ్వవిద్యాలయాలు మార్చవద్దు, ట్రాన్‌స్క్రిప్టులో ఉన్నది ఉన్నట్టు నింపండి అని రాస్తాయి. మార్పిడి కావాలన్నవి డబ్ల్యూఈఎస్ వంటి సంస్థలతో సబ్జెక్టు వారీగా చేయించమంటాయి.

జర్మనీలో సవరించిన బవేరియన్ సూత్రం ఉంది. గరిష్ఠ గ్రేడు నుంచి మన గ్రేడు తీసి, దానిని గరిష్ఠ, కనిష్ఠ ఉత్తీర్ణత గ్రేడుల మధ్య తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 అట్టడుగు ఉత్తీర్ణత. కనిష్ఠ ఉత్తీర్ణత 5 అని తీసుకుంటే మన విద్యార్థికి 1.8 ÷ 5 × 3 + 1, అంటే 2.08. కనిష్ఠం 4 అని తీసుకుంటే 1.8 ÷ 6 × 3 + 1, అంటే 1.9. విద్యార్థి మారలేదు, మార్కులు మారలేదు. పాస్ గ్రేడు ఎంత అన్న ఒక్క అంకె వల్ల ఫలితం రెండుకు అటూ ఇటూ అయింది. కోర్సు కటాఫ్ 2.0 దగ్గర ఉంటే ఈ తేడాయే ప్రవేశం. కాబట్టి గ్రేడింగ్ విధానం అచ్చయి ఉన్న పేజీ, చాలాసార్లు మెమో వెనుక వైపు ఉండేది, స్కాన్‌లో వదిలేయకూడని పేజీ. జర్మనీకి వెళ్లే భారతీయ విద్యార్థులు 2022 నవంబరు నుంచి, మన విద్యా పత్రాలు అసలైనవని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం కూడా తీసుకోవాలి; అది లేనిదే విద్యార్థి వీసా దరఖాస్తు కదలదు.

మొత్తం సగటు కంటే లోపలి గళ్లకే ఎక్కువ బరువు ఉంటుందని నా అభిప్రాయం. కంప్యూటర్ సైన్స్‌లో 8.8 తెచ్చుకుని ఫస్టియర్ గణితం పేపర్లు ఎం-1, ఎం-2ల్లో బొటాబొటిగా గట్టెక్కినవారు ఒకరు, మెకానికల్‌లో 7.9 ఉండి, గణితం పేపర్లన్నిటిలో తొమ్మిది, పదులతో పాటు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతులు, ద్రవ గతి గణనలు ఎలక్టివ్‌లుగా చదివినవారు ఇంకొకరు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగ ఇంటర్వ్యూలో మొదటివారిది పైచేయి కావచ్చు. ఈ కమిటీ ముందు రెండోవారి కాగితమే మాట్లాడుతుంది. ఉస్మానియా పరిధిలో మూడేళ్ల బీఎస్సీ ఎంపీసీఎస్ చేసినవారికి ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు మూడేళ్ల డిగ్రీని అంగీకరిస్తాయి, చాలామటుకు నాలుగేళ్లు అడుగుతాయి. ఎమ్మెస్సీ తోడైతే ఆ ప్రశ్న రాదు.

ట్రాన్‌స్క్రిప్టు అడిగిన చోట సీలు వేసిన కవరే పంపాలంటే ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. కవరు మూత అంటించిన చోట, సగం ముద్ర మూత మీద, సగం కవరు మీద పడాలి. కౌంటర్‌లో రద్దీగా ఉన్న రోజు ముద్ర పూర్తిగా కవరు మీదే పడి వచ్చిన నా కవర్లు కొన్ని వారాల తరువాత తిరుగు టపాలో ‘సీలు చెల్లదు’ అన్న ఒక్క వాక్యంతో వెనక్కి వచ్చాయి.

ఎస్‌వోపీ: అదే స్లాబు, రెండు కథలు

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌ను మన దగ్గర ఎస్‌వోపీ అంటాం. దీనిని కమిటీ చదువుతుంది. పీహెచ్‌డీ అయితే ఆచార్యుడు అంతకంటే శ్రద్ధగా చదువుతారు. ఆచార్యుడి ప్రశ్న వేరు: ఈ మనిషి నా సమస్య మీద అయిదేళ్లు కూర్చోగలరా?

ఒక విద్యార్థి ఇలా రాశారనుకుందాం: ‘చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే అమితమైన ఆసక్తి. ఫైనలియర్‌లో వేడి ప్రసరణ మీద ప్రాజెక్టు చేసి, పైథాన్‌లో ప్రోగ్రాం రాసి, మంచి ఫలితాలు సాధించాను. మీ విశ్వవిద్యాలయంలోని ప్రపంచ స్థాయి వసతులు నా కలను నెరవేరుస్తాయి.’

ఇంకొకరు ఇలా: ‘పై అంతస్తు స్లాబులో వేడి దిగడాన్ని సెంటీమీటరు పొరలతో లెక్కించాను. అడుగు వ్యవధి రెండు నిమిషాలు పెట్టినప్పుడు ఉష్ణోగ్రతలు అర్థం లేకుండా ఊగాయి. పరిమితి 71 సెకన్లని గుర్తించడానికి నాకు వారం పట్టింది. తరువాత ప్రతి అడుగులోనూ సమీకరణాల సమూహాన్ని సాధించే పద్ధతికి మారాను. ఊగిసలాట పోయింది, కాని పెద్ద అడుగులతో సాయంత్రపు గరిష్ఠం ముందుకో వెనక్కో జరిగింది. స్థిరంగా ఉన్న జవాబు సరైన జవాబు కానవసరం లేదని అక్కడ తెలిసింది. దోష అంచనాల మీద పనిచేయాలన్న కోరిక ఆ వారంలో మొదలైంది.’

రెండోది చదివిన ఆచార్యునికి మూడు సంగతులు తెలుస్తాయి: విద్యార్థి పప్పులో కాలేశారు, కారణం కనుక్కున్నారు, కొత్త పద్ధతికీ ఒక ధర ఉందని గమనించారు. మొదటిది చదివితే ప్రాజెక్టు అనేది ఒకటి ఉందని మాత్రమే తెలుస్తుంది. కన్సల్టెన్సీలు రాసిచ్చే ఎస్‌వోపీల మీద ఇన్ని విమర్శలు ఎందుకో ఇక్కడ అర్థమవుతుంది. న్యాయంగా చెప్పాలంటే, ఇంట్లో మొదటిసారి విదేశానికి వెళ్తున్న విద్యార్థికి గడువులు, ఫీజులు, ఫారాల వరస చెప్పేవారు కన్సల్టెన్సీలోనే దొరుకుతున్నారు. ఆ సేవకు విలువ ఉంది. కాని మూసలో పోసిన కథనానికి ఆ వారం రోజుల ఊగిసలాట తెలియదు.

సంతకం ఎవరిది, మాట ఎవరిది

రికమండేషన్ లెటర్ల దగ్గర మన కాలేజీల అలవాటు ఒకటి ఉంది: ‘నువ్వే రాసుకుని రా బాబూ, సంతకం పెడతాను’. హెచ్‌వోడీ చెప్పే ఆ మాటలో దురుద్దేశం ఏమీ ఉండదు. అరవై మంది సెక్షన్లు మూడు, నాలుగు చూసేవారికి సమయం ఉండదు. కాని మూడు లేఖలూ ఒకే చేతితో రాసినవని చదివేవారికి ఇట్టే తెలిసిపోతుంది. ఎస్‌వోపీలో ఉన్న విశేషణాలే లేఖల్లోనూ ఉంటాయి. పైగా ఇప్పుడు లేఖ విద్యార్థి చేతికి రాదు. విశ్వవిద్యాలయ పోర్టల్ నుంచి ఆచార్యుని అధికారిక ఈమెయిల్‌కు లింకు వెళ్తుంది. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, చేరాక ఆ లేఖను చూసే హక్కు విద్యార్థికి ఉంటుంది. ఆ హక్కును వదులుకుంటున్నారా అని ఫారం అడుగుతుంది. వదులుకుంటేనే లేఖకు విశ్వసనీయత అన్నది ఎక్కువమంది అనుసరించే వాడుక.

పదవి పెద్దదైన ప్రిన్సిపాల్ రాసిన ‘వినయశీలి, కష్టజీవి’ కంటే, ప్రాజెక్టు చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఆ 71 సెకన్ల సంగతి రాసిన నాలుగు వాక్యాలు మేలు.

జీఆర్ఈ, ఇంగ్లిష్ పరీక్షల సంగతి క్లుప్తంగా. 2023 సెప్టెంబరు నుంచి జీఆర్ఈ నిడివి 1 గంట 58 నిమిషాలకు తగ్గింది. స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. కొన్ని శాఖలు దానిని ఎత్తివేశాయి, కొన్ని ఐచ్ఛికం చేశాయి. పంపాలా వద్దా అన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. గణితం గ్రేడ్లు బలంగా లేనివారికి జీఆర్ఈలోని లెక్కల విభాగం, అంటే క్వాంట్, స్కోరు ఊతమని కొందరు, ఇంటర్మీడియట్ స్థాయి లెక్కల స్కోరు పాక్షిక అవకలన సమీకరణాల గురించి ఏమీ చెప్పదని మరికొందరు అంటారు. రెండో మాటే నాకు సబబుగా తోస్తుంది. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు రెండేళ్లే చెల్లుతాయి. 2026 జనవరి నుంచి టోఫెల్ 1 నుంచి 6 వరకు ఉండే కొత్త కొలతకు మారింది కనుక పాత 120 లెక్కతో రాసిన సలహాలను చూసుకుని వాడుకోవాలి.

మాస్టర్స్ అప్పు, పీహెచ్‌డీ జీతం

అసలు ధన ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. అమెరికాలో మాస్టర్స్ సాధారణంగా విద్యార్థి సొంత ఖర్చు. పీహెచ్‌డీకి టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ కింద ట్యూషన్ మాఫీ, నెలవారీ భృతి దొరుకుతాయి. అక్కడ పీహెచ్‌డీకి ముందు మాస్టర్స్ తప్పనిసరి కాదన్న సంగతి మన ఇళ్లలో చాలామందికి కొత్త; బీటెక్ నుంచి నేరుగా వెళ్లవచ్చు. జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో మాత్రం డాక్టరేట్‌కు మాస్టర్స్ మెట్టు దాదాపు తప్పదు.

ఒక మాస్టర్స్ కోర్సుకు ఏడాది ఖర్చు 45,000 డాలర్లని, వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో రాశారనుకుందాం. డాలరు 88 రూపాయలు అనుకుంటే అది 39.6 లక్షలు, రెండేళ్లకు 79 లక్షల పైచిలుకు. అందులో 50 లక్షలు 10.5 శాతం వడ్డీకి అప్పు చేసి పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 67,500 రూపాయల కిస్తీ. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ, ఏడాదికి 5.25 లక్షలు, ఇందులో లేదు. కిస్తీ డాలరు జీతం మీద తేలిక, రూపాయి జీతం మీద బరువు. కాబట్టి ఈ అప్పు నిజానికి చదువు మీద పెట్టిన పెట్టుబడి మాత్రమే కాదు, చదువయ్యాక అక్కడ పని చేయనిస్తారన్న నమ్మకం మీద పెట్టిన పందెం కూడా. ఈ మాట కటువుగా అనిపించవచ్చు, అంకెలు అదే చెబుతున్నాయి.

ఐరోపాలో చౌక అన్న మాట కూడా మునుపటంత నిజం కాదు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024-25 శీతకాల సెమిస్టర్ నుంచి ఐరోపా సమాఖ్య వెలుపలి మాస్టర్స్ విద్యార్థులకు సెమిస్టరుకు 4,000 లేదా 6,000 యూరోల ఫీజు పెట్టింది. ఈటీహెచ్ 2025 శరదృతువు నుంచి విదేశీ విద్యార్థుల ఫీజును సెమిస్టరుకు 730 ఫ్రాంకుల నుంచి మూడింతలు చేసి 2,190కి పెంచింది. జర్మనీ వీసాకు బ్లాక్డ్ ఖాతాలో (నెలకు ఇంతని మాత్రమే తీసుకోగల ఖాతాలో) ఏడాదికి 11,904 యూరోలు చూపాలన్న నియమం 2024 సెప్టెంబరులో వచ్చింది. అయినా పైన లెక్కగట్టిన అమెరికన్ ఖర్చుతో పోల్చి చూస్తే ఇవి చిన్న అంకెలే.

పీహెచ్‌డీ భృతి మాటలను కూడా విప్పి చదవాలి. 27,000 డాలర్లు తొమ్మిది నెలలకు అంటే నెలకు 3,000. వేసవిలో ఆచార్యుని ప్రాజెక్టు నుంచి డబ్బు రాకపోతే అదే మొత్తం పన్నెండు నెలలకు పరచుకుని 2,250 అవుతుంది. 24,000 డాలర్లకు ‘పన్నెండు నెలలు’ అని హామీ ఇచ్చిన ఆఫరు పైకి చిన్నదిగా కనిపించినా నెలకు 2,000 నిలకడగా ఇస్తుంది. ఏది మేలు అన్నది ఆ ఊరి ఇంటి అద్దెను బట్టి, వేసవి నిధులు ఎంత ఖాయం అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ రంగంలో పేరున్న రెండు ఫెలోషిప్‌లు, అమెరికా ఇంధన శాఖ ఇచ్చే కంప్యుటేషనల్ సైన్స్ ఫెలోషిప్, అక్కడి జాతీయ సైన్స్ ఫౌండేషన్ (ఎన్‌ఎస్‌ఎఫ్) ఇచ్చే గ్రాడ్యుయేట్ ఫెలోషిప్, మనకు అందవు. వాటికి ఆ దేశ పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉండాలి. అందుకే మన విద్యార్థి విషయంలో ఆచార్యుని చేతిలోని ప్రాజెక్టు నిధి అంత ముఖ్యం. దరఖాస్తుకు ముందు ఆచార్యులకు ఈమెయిల్ రాయాలా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ నిధి దగ్గరే ఉంది. ఆచార్యుడే విద్యార్థిని ఎంచుకునే శాఖల్లో ఆ ఈమెయిల్ పనికొస్తుంది. కమిటీ అందరినీ ఒకేసారి తీసుకుని తరువాత జత చేసే చోట జవాబు రాకపోవడమే మామూలు. ఆర్థిక సాయంతో కూడిన ఆఫర్లకు ఏప్రిల్ 15 లోపు తప్పనిసరిగా జవాబు చెప్పనక్కర్లేదన్న ఒప్పందం అమెరికా గ్రాడ్యుయేట్ పాఠశాలల మండలిలో ఉంది. దాని మీద సంతకం చేసిన విశ్వవిద్యాలయం మార్చిలోనే తొందరపెడితే ఆ తేదీని మర్యాదగా గుర్తు చేయవచ్చు.

నానక్‌రామ్‌గూడ కిటికీ

మూడో పాఠకుడు వీసా అధికారి. అమెరికా కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు మారింది. ఇక్కడి ప్రశ్న గణితం గురించి కాదు. ఆ దేశ వలస చట్టంలోని 214(బి) ప్రకారం, దరఖాస్తుదారు తాను స్థిరపడిపోవడానికి కాదు, చదువుకోవడానికే వెళ్తున్నానని నిరూపించుకునే వరకు వలస వెళ్లే ఉద్దేశం ఉన్నట్టే భావిస్తారు. నిరూపణ భారం మనది. దొరికేది రెండు, మూడు నిమిషాలు. ‘ఈ కోర్సే ఎందుకు?’ అని అడిగితే ఎస్‌వోపీని వల్లెవేయడం కుదరదు. స్లాబు కథ రెండు వాక్యాల్లో చెప్పగలిగినవారికి అక్కడ తడబాటు తక్కువ.

ఈ రంగానికి ప్రత్యేకమైన ఒక చిక్కు కూడా ఉంది. అధిక సామర్థ్య గణన, ధ్వనిని మించిన వేగాల ప్రవాహాలు వంటి అంశాలు అమెరికా ప్రభుత్వం సున్నితమైనవిగా చూసే సాంకేతికతల కిందికి వస్తాయి. అలాంటి పరిశోధన అంశం రాసినవారికి కొన్నిసార్లు 221(జి) స్లిప్పు ఇచ్చి ఫైలును అదనపు పరిశీలనకు పంపుతారు. దానిని చూసి తిరస్కరణ అనుకుని బెంబేలెత్తేవారున్నారు. అది అప్పటికి వీసా ఇవ్వలేదని చెప్పే కాగితం, తుది మాట కాదు. పరిశీలనకు వారాలు, నెలలు కూడా పట్టవచ్చు కనుక ఆగస్టు తరగతులకు జూలైలో ఇంటర్వ్యూ పెట్టుకున్నవారికి ఇదే పెద్ద దెబ్బ.

2025లో వచ్చిన మార్పులను వరుసలో చూస్తే గందరగోళం కొంత తగ్గుతుంది. మే చివరలో విద్యార్థి వీసాల కొత్త స్లాట్లు ఆపి, జూన్‌లో తిరిగి తెరిచినప్పుడు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా ఉంచాలన్న నిబంధన చేర్చారు. ఆగస్టులో, చదువు సాగినంత కాలం ఉండనిచ్చే పాత పద్ధతికి బదులు గరిష్ఠంగా నాలుగేళ్ల గడువు పెట్టాలని ప్రతిపాదించారు. పీహెచ్‌డీకి అయిదేళ్లు మామూలు కనుక, అలాంటి గడువు అంటే మధ్యలో పొడిగింపు దరఖాస్తు. మోసాలను అరికట్టడానికి అవసరమని ప్రభుత్వ వాదన. పరిశోధనకు ఆటంకమని విశ్వవిద్యాలయాల వాదన. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ (ఉద్యోగ వీసా) పిటిషన్లకు 1,00,000 డాలర్ల రుసుము ప్రకటించారు. అమెరికాలోనే ఉండి విద్యార్థి హోదా నుంచి మారేవారికి ఆ రుసుము వర్తించదని అక్టోబరులో అక్కడి వలస సేవల విభాగం వివరణ ఇచ్చింది. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో మొదటి వార్త మోగినంతగా రెండోది మోగలేదు.

చదువయ్యాక పని చేయడానికి ఉన్న దారి ఓపీటీ: 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలోని చదువైతే ఇంకో 24 నెలలు. ఇక్కడే పేరు చిక్కు మళ్లీ తలెత్తుతుంది. స్టెమ్ అవునా కాదా అన్నది పట్టా మీద అచ్చయిన పేరును బట్టి కాదు, ఐ-20 మొదటి పేజీలో కోర్సు పేరు పక్కన ఉండే ఆరంకెల సీఐపీ కోడ్‌ను, అంటే చదువు ఏ రంగానిదో చెప్పే సంఖ్యను, బట్టి తేలుతుంది. కంప్యూటర్ సైన్స్‌కు 11.0701, కంప్యుటేషనల్ సైన్స్‌కు 30.3001, కంప్యుటేషనల్ మ్యాథమెటిక్స్‌కు 27.0303, మూడూ ఆ జాబితాలో ఉన్నవే. ఒకే పేరున్న రెండు కోర్సులకు రెండు విశ్వవిద్యాలయాలు వేర్వేరు కోడ్‌లు వేయవచ్చు, వేర్వేరు పేర్లున్న కోర్సులకు ఒకే కోడ్ ఉండవచ్చు. ఐ-20 చేతికి వచ్చిన రోజున ఇంట్లో అందరూ ముందు చూసేది విశ్వవిద్యాలయం పేరు, తరువాత ఖర్చు గడి. ఆ కోడ్ ఆ రెండింటికీ మధ్య, చిన్న అక్షరాల్లో ఉంటుంది.